క్వాంటం యాంత్రిక శాస్త్ర పరిచయ కోర్సు: లెక్కలు మేలైనవి, జవాబుల పట్టికను నమ్మలేం

డిగ్రీలో చదివి ఏళ్ల తరబడి మరచిపోయిన క్వాంటం యాంత్రిక శాస్త్రాన్ని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలన్న ఉద్దేశంతో ఒక ఆన్‌లైన్ పరిచయ కోర్సులో చేరి, పన్నెండు వారాల పాఠాలనూ వాటితో ఇచ్చిన అభ్యాసాలనూ ఇటీవలే పూర్తి చేశాను. కోర్సు పేరు రాయడం లేదు. ఇలాంటి కోర్సును ఎంచుకునేవారు డబ్బు కట్టే ముందు ఏ పాఠాన్ని, ఏ లెక్కను పరిశీలించి చూడాలో చెప్పడానికే ఈ సమీక్ష.

మొదటి రెండు వారాలు చరిత్రకు పోయాయి. 1900లో ప్లాంక్ ప్రతిపాదన, 1905లో కాంతి విద్యుత్ ఫలితానికి ఐన్‌స్టీన్ ఇచ్చిన వివరణ, 1924లో డి బ్రోలీ పదార్థ తరంగాలు, 1927లో డేవిసన్, జెర్మర్‌ల ప్రయోగం వరుసగా వచ్చి వెళ్లిపోతాయి. ఇందులో కొత్తగా చెప్పినదేమీ లేదు గానీ, ఒక్క లెక్క మాత్రం బాగుంది. పని ప్రమేయం (లోహం నుంచి ఎలక్ట్రాన్‌ను బయటికి తీయడానికి కావలసిన కనీస శక్తి) 2.3 ఎలక్ట్రాన్ వోల్టులున్న లోహంపై 620 నానోమీటర్ల ఎర్రని కాంతి ఎంత తీవ్రంగా పడినా ఎలక్ట్రాన్ ఎందుకు రాదో, 413 నానోమీటర్ల ఊదా కాంతి మసకగా పడినా 0.7 ఎలక్ట్రాన్ వోల్టుల గరిష్ఠ గతిజ శక్తితో ఎలా వస్తుందో విద్యార్థి చేతనే రాబట్టిస్తారు.

అసలు బలం నాలుగో వారంలో, అనంత పొటెన్షియల్ బావి (దాటలేని రెండు గోడల మధ్య కణం చిక్కుకున్న నమూనా) దగ్గర బయటపడుతుంది. సాధారణంగా ఈ పాఠంలో ష్రోడింగర్ సమీకరణాన్ని సాధించి, శక్తి స్థాయిలు పూర్ణాంకపు వర్గానికి అనుపాతంలో ఉంటాయని రాసి ముగిస్తారు. ఇక్కడ ఒక నానోమీటరు వెడల్పున్న బావిలో ఒక ఎలక్ట్రాన్‌ను పెట్టి, అంకెలతో సహా చివరిదాకా నడిపించారు. మొదటి స్థాయి 0.38, రెండోది 1.50 ఎలక్ట్రాన్ వోల్టులు. రెండో స్థాయి నుంచి మొదటిదానికి దిగినప్పుడు వెలువడే ఫోటాన్ తరంగదైర్ఘ్యం దాదాపు 1100 నానోమీటర్లు, అంటే కంటికి కనిపించని పరారుణ కాంతి. ఆ తర్వాత, భూస్థాయిలో, అంటే అతి తక్కువ శక్తి గల మొదటి స్థాయిలో, ఉన్న ఎలక్ట్రాన్ బావి నడిమి మూడో వంతులో దొరికే సంభావ్యత ఎంత అని అడుగుతారు. మూడో వంతు జాగా కనుక 33 శాతమని తొందరపడి రాసిన నాకు, సమాకలనం చేశాక 61 శాతం వచ్చింది. కణం స్థితిని వర్ణించే తరంగ ప్రమేయపు పరిమాణ వర్గమే సంభావ్యతా సాంద్రత అని 1926లో మాక్స్ బోర్న్ చెప్పిన మాట నాకు నిజంగా పట్టుబడింది ఆ లెక్కతోనే.

అనిశ్చితత్వ సూత్రాన్ని బోధించిన తీరు కూడా మెచ్చదగినదే. కొలిచేటప్పుడు కణాన్ని కదిలిస్తాం కాబట్టే అనిశ్చితి వస్తుందన్న సూక్ష్మదర్శిని ఉదాహరణతో సరిపెట్టకుండా, ఒకే స్థితిలో సిద్ధం చేసిన అనేక కణాలలో కొన్నింటి స్థానాన్నీ, మిగిలినవాటి ద్రవ్యవేగాన్నీ విడివిడిగా కొలిచినా ఆ ఫలితాల విస్తృతుల (సగటు చుట్టూ చెదిరిన మేరల) లబ్ధం ఒక హద్దుకు దిగువకు రాదని స్పష్టం చేశారు. పై బావి భూస్థాయికే ఆ లబ్ధాన్ని కట్టి చూపించారు. ప్లాంక్ స్థిరాంకాన్ని రెండు పైలతో భాగించగా వచ్చే విలువకు అది 0.57 రెట్లు, హద్దు 0.5 రెట్లు.

ఇక ఫిర్యాదు. ఆరో వారం అభ్యాసంలో, మొదటి రెండు స్థాయిలు సమాన పాళ్లలో కలిసిన స్థితిని ఇచ్చి, శక్తిని ఒకసారి కొలిస్తే ఏమి వస్తుందని అడిగారు. జవాబుల పట్టికలో 0.94 ఎలక్ట్రాన్ వోల్టులని ఉంది. అది సగటు విలువ మాత్రమే. అనేకసార్లు, ప్రతిసారీ కొత్తగా సిద్ధం చేసిన అదే స్థితిపై కొలిచి సగటు తీస్తే వచ్చేది అది. ఒక్క కొలతలో వచ్చేది 0.38 గానీ, 1.50 గానీ, చెరి సగం సంభావ్యతతో. 0.94 అన్న ఫలితం ఏ కొలతలోనూ రాదు. గుణకారంలో దొర్లిన తప్పయితే సర్దుకునేవాణ్ణి గానీ, ఒక్క కొలతలో రాగల ఐగెన్ విలువకూ సగటు విలువకూ తేడా తెలియకపోతే ఈ శాస్త్రంలో ముందుకు వెళ్లడమే కష్టం. సరైన జవాబు రాసినందుకు నాకు సున్నా పడింది. నిర్వాహకులకు రెండుసార్లు వివరంగా రాశాను. పరిశీలిస్తామని ఒకే వాక్యం రెండుసార్లూ వచ్చింది. కోర్సు ముగిసేదాకా పట్టిక మారలేదు.

విచిత్రమేమిటంటే, అదే వారం వీడియోలో అదే స్థితికి చక్కని యానిమేషన్ ఉంది. ఒక్క స్థాయిలోనే ఉన్నప్పుడు కదలకుండా నిలిచే సంభావ్యతా సాంద్రత, రెండు స్థాయిలు కలిసినప్పుడు గిన్నెలో నీళ్లలా అటూ ఇటూ ఊగుతుంది. ఒక ఊపుకు సుమారు 3.7 ఫెమ్టోసెకన్లు. పాఠం చెప్పినవారు, పట్టిక తయారు చేసినవారు వేర్వేరు మనుషులై ఉంటారని నా అనుమానం.

చివరి వారాలు పలచబడ్డాయి. హైడ్రోజన్ పరమాణువులో మైనస్ 13.6 ఎలక్ట్రాన్ వోల్టుల భూస్థాయిని నేరుగా ఇచ్చేశారు. 1922 నాటి స్టెర్న్, గెర్లాక్ ప్రయోగానికి, అంటే స్పిన్‌కు (ఎలక్ట్రాన్‌కు సహజంగా ఉండే కోణీయ ద్రవ్యవేగానికి), దక్కింది పదిహేను నిమిషాలే. అవకలన సమీకరణాలు, సంకీర్ణ సంఖ్యలు ఇప్పటికే వచ్చినవారు నాలుగు, ఐదు వారాల కోసమైనా ఈ కోర్సులో చేరవచ్చు. జవాబులు మాత్రం పట్టికతో కాక, తమలాగే లెక్క చేసిన మరొకరితో సరిచూసుకోవాలి.