ఉమ్మి డీఎన్‌ఏ కిట్లలో ‘తిండి, వ్యసనం’ రిపోర్టు: 5కి ఒకటిన్నర

ఇంటికి తెప్పించుకునే డీఎన్‌ఏ కిట్లు కొన్ని తిండి అలవాట్లకో పేజీ, వ్యసనం ముప్పుకో పేజీ ఇస్తున్నాయి. వాటికి 5కి నేనిచ్చే ఒకటిన్నర మార్కూ శాంపిల్ తీసే ఏర్పాటుకే.

ఉమ్మి పట్టడానికి అరగంట ముందు నుంచీ తిండి, నీళ్లు, సిగరెట్, చూయింగ్ గమ్ ఏవీ వద్దు. గొట్టం మీద గీత దాకా, సుమారు 2 మిల్లీలీటర్ల ఉమ్మి పట్టాలి. నురగను లెక్కలోకి తీసుకోకండి. నురగ గీతకు తగలగానే మూత బిగిస్తే డీఎన్‌ఏ చాలక శాంపిల్ వెనక్కి వస్తుంది. మూతలోని ద్రావణం పూర్తిగా దిగాకే ఊపాలి, లేకపోతే దారిలో బ్యాక్టీరియా పెరిగి పాడవుతుంది. నోరు ఎండితే చెంపల్ని బయటి నుంచి మెల్లగా రుద్దండి, ఉమ్మి ఊరుతుంది.

అసలు చిక్కు రిపోర్టులో ఉంది. వ్యసనం పేజీలో ఆర్‌ఎస్1800497 అనే ఒక్క గుర్తు (డీఎన్‌ఏలో మనిషికీ మనిషికీ మారే ఒక చోటు) చూసి ఎర్రరంగులో ‘హై’ అని వేస్తారు. డోపమైన్ (మెదడులో సంకేతాలు మోసే రసాయనం) గ్రాహక జన్యువు పేరుతో చలామణీ అయ్యే ఈ గుర్తు నిజానికి ఉండేది పక్కనున్న ఏఎన్‌కేకే1 జన్యువులో. చిన్న అధ్యయనాల్లో కనిపించినంత బలం పెద్ద అధ్యయనాల్లో దానికి నిలవలేదు.

తిండి రుగ్మతలకూ వ్యసనాలకూ జన్యువుల్లో ఉమ్మడి పాలు ఉన్నమాట నిజమే. 2021లో ‘అడిక్షన్ బయాలజీ’లో అచ్చయిన విశ్లేషణలో అనోరెక్సియాకూ (బరువు భయంతో తిండి మానేసే రుగ్మత) మద్యం వ్యసనానికీ జన్యు సహసంబంధం, అంటే రెండింటి జన్యు కారణాలు ఎంత కలుస్తాయో చెప్పే అంకె, 0.18. పూర్తిగా కలిస్తే అది 1 అవుతుంది. డిప్రెషన్ పాలు తీసేస్తే ఆ 0.18 కూడా తగ్గింది. అతిగా తినే లక్షణం లేని అనోరెక్సియాకు పొగతాగడంతో సంబంధమైతే ఎదురు దిశలో ఉంది. మరి ‘తిండి’ అంటూ అన్నిటినీ ఒకే గాటన కట్టి మార్కు వేస్తే ఏం తేలుతుంది? పైగా ఆ డేటా ఐరోపా మూలాల వాళ్లది. తెలుగువాళ్ల విషయంలో ఆ లెక్కల్ని నమ్మగలిగేది ఇంకా తక్కువ.

ఆ డబ్బుతో సైకియాట్రిస్టును కలవండి. ఇంట్లో ఎవరికి తాగుడు ఉంది, ఎవరు తిండి మానేసేవారు, ఎవరు తిని వాంతి చేసుకునేవారు, ఎవరికి డిప్రెషన్ వచ్చింది, అన్నీ రాసి తీసుకెళ్లండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. వాంతులు చేసుకుంటూ మద్యం కూడా తాగుతుంటే రక్తంలో పొటాషియం వెంటనే చూపించాలి, అది పడిపోతే గుండె లయ తప్పుతుంది. సిగరెట్ మానాలని వెళ్లినవాళ్లు తిండి సమస్యను దాచొద్దు. అందుకు వాడే బుప్రోపియాన్ మాత్ర అనోరెక్సియా, బులీమియా (అతిగా తిని వాంతి చేసుకోవడం లాంటివి చేసే రుగ్మత) ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు, ఫిట్స్ వచ్చే ముప్పుంది.