బండ మీద బంగారం, తుమ్మ ముల్లుకు లోకువ: పలుచని సోలు బూట్లతో గుట్టల పరుగు

సోలు మందం ఎంత, బరువు ఎంత, మడమకూ మునివేళ్లకూ ఎత్తులో తేడా లేకపోవడం అంటే ఏమిటి అన్న సంగతులు ఈపాటికి అందరికీ తెలిసినవే. వాటి జోలికి పోను. ఉత్త కాళ్లతో పరుగెత్తినట్టే ఉండేలా పలుచని సోలుతో చేసిన ఈ బూట్లు రెండేళ్లకు పైగా నాతో పాటు హనుమకొండ చుట్టుపక్కల గుట్టలు ఎక్కి దిగుతున్నాయి. నేను చెప్పదలచుకున్నది వాటి అడుగు గురించి మాత్రమే. కాళ్లకు తొడుక్కున్న మరే వస్తువునూ నేను ఇంతగా మెచ్చుకోలేదు, ఇంతగా తిట్టుకోనూ లేదు.

ముందు మెప్పు. పద్మాక్షి గుట్ట దిగేటప్పుడు మెట్లు వదిలి పక్కనున్న పరుపుబండ మీదికి వస్తే ఈ బూట్ల అసలు పనితనం బయటపడుతుంది. మన గ్రానైటు దూరం నుంచి నున్నగా కనిపిస్తుంది కానీ దగ్గరికి వెళ్లి చూస్తే ముతక పలుకుల రాయి. ఎండకూ వానకూ మెత్తని పలుకులు రాలిపోయి గట్టివి పైకి తేలి ఉంటాయి. ఆ గరుకు అరికాలికి తెలుస్తుంది. కొన్నిచోట్ల బండ పైపొర విడిపోయి కింద బోలుగా ఉంటుంది. బరువు పూర్తిగా మోపకముందే, మునివేళ్లు ఆనీ ఆనగానే ఒక సన్నని అదురు పాదంలోకి వస్తుంది. మనం ఆలోచించేలోపే కాలు పక్కకు జరిగిపోతుంది. ఇదివరకు మందపాటి బూట్లతో అదే దారిన దిగడం ఉన్ని తొడుగులు వేసుకుని బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఉండేది. అంతా కళ్ల మీద భారం వేయడమే.

దిగుడులో మడమ ముందు పడితే ఈ సోలు ఊరుకోదు. మోకాలి దాకా జివ్వుమంటుంది. అందుకే అడుగులు చిన్నవి చేసి, గబగబా వేస్తూ, మోకాళ్లు కాస్త వంచి దిగడం ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తుంది. 2010లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ లీబర్మన్ బృందం 'నేచర్' పత్రికలో ప్రచురించిన పరిశోధన చెప్పిందీ ఇంచుమించు ఇదే. చెప్పులు లేకుండా పరుగెత్తడం అలవాటైనవాళ్లు ఎక్కువగా పాదం ముందు భాగం మోపుతారని, నేలను తాకిన క్షణంలో వాళ్లకు తగిలే దెబ్బ తక్కువని అందులో తేల్చారు. ఆ ఒక్క ముక్క పట్టుకుని, మడమ మోపడం మహాపాపమన్నట్టు మాట్లాడేవాళ్లు ఉన్నారు. 2013లో మరో బృందం ఉత్తర కెన్యాలోని దాసనచ్ తెగవారిని పరిశీలించింది. పుట్టినప్పటి నుంచి చెప్పులు లేకుండా తిరిగే ఆ మనుషుల్లోనే ఎక్కువమంది, తమకు అనువైన వేగంలో పరుగెత్తినప్పుడు మడమే ముందు మోపారు. కాబట్టి నేను శాస్త్రం చెప్పడం లేదు, దిగుడులో నా కాళ్లకు జరిగింది చెబుతున్నాను. భద్రకాళి చెరువు కట్ట మీద నింపాదిగా పోతున్నప్పుడు నా మడమ కూడా హాయిగా ముందే పడుతుంది.

మా ఇంట్లో ఈ బూట్లకు పెద్ద మర్యాద దక్కలేదు. మా మరిది ఏటా హనుమాన్ దీక్ష తీసుకుని కొండగట్టుకు వెళతాడు. "వదినా, మేము 41 రోజులు ఉత్త కాళ్లతో తిరుగుతాం, పైసా ఖర్చు లేదు. మీరు వేలకు వేలు పోసి కొని చేస్తున్నదీ అదే పని కదా!" అన్నాడు. నేను 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఉత్త కాళ్లతో మారథాన్ గెలిచిన ఇథియోపియా వీరుడు అబెబె బికిలా గురించి చెప్పి అతని నోరు మూయించాననుకున్నాను. సాయంత్రానికి ఫోనులో వెతికి వచ్చాడు. అదే బికిలా 1964లో టోక్యోలో బూట్లు వేసుకుని పరుగెత్తాడట, రోమ్ కంటే మూడు నిమిషాలు ముందే ముగించాడట. 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లు ఒకటి, 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లు ఇంకొకటి. అంకెలతో సహా చదివి వినిపించాడు. ఆ తర్వాత ఆ చర్చ మా ఇంట్లో లేదు.

పిక్కల సంగతి కూడా చెప్పాలి. మడమ కింద ఎత్తు లేనందువల్ల పిక్క కండరమూ, దాన్ని మడమకు కలిపే లావుపాటి స్నాయువూ ఇదివరకటి కంటే ఎక్కువ సాగి, ఎక్కువ బరువు మోయాల్సి వస్తుంది. కొత్తలో పొద్దున్నే మంచం దిగి వంటింటి దాకా నడవడమే ఒక వ్యాయామం. ఇది ఈ జత ఒక్కదాని దోషం కాదు. అమెరికాలో 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో, వేళ్లకు విడివిడిగా తొడుగులుండే బూట్లకు 10 వారాల పాటు మెల్లమెల్లగా మారిన 19 మందిలో 10 మందికి పాదం ఎముకల్లో వాపు పెరిగినట్టు ఎమ్మారైలో కనిపించింది. మెల్లగా మారితేనే అలా ఉంది. ఆ తరహా బూట్లు పాదాలకు బలమిస్తాయన్న ప్రచారం మీద అక్కడ దావా నడిచి, 2014లో వాటిని తయారుచేసే కంపెనీ 37.5 లక్షల డాలర్లకు రాజీ పడింది. నా పిక్కలు మాత్రం కొన్ని నెలలకు సర్దుకున్నాయి.

ఇక ముల్లు.

మడికొండ వైపు గుట్టల వెనక పశువులు నడిచి పడిన కాలిబాట ఒకటి ఉంది. ఎడాపెడా సర్కారు తుమ్మ. ఈ చెట్టు మనది కాదు, అమెరికా ఖండం నుంచి 19వ శతాబ్దంలో తెచ్చి నాటారు. ఇప్పుడు ఎక్కడ చూసినా అదే. చెట్టు మీదున్న ముల్లుతో పేచీ లేదు, కనిపిస్తుంది, తప్పుకుంటాం. కొట్టేసిన కంప ఎండి, గడ్డి కింద పడి ఉంటుంది చూడండి, దానితోనే వచ్చింది చిక్కు. పల్లేరు కాయలు ఈ సోలును దాటలేకపోయాయి, ఆ మాట ఒప్పుకోవాలి. తుమ్మ ముల్లు ఒక్క పోటుకు దాటింది. నొప్పి కంటే ముందు ఆశ్చర్యం కలిగింది. కాలు ఎత్తితే బూటుతో పాటు జానెడు కొమ్మ పైకి లేచి వచ్చింది.

అక్కడ మేకలు కాస్తున్న ఒక అవ్వ నన్ను చూసి వచ్చింది. "కదలకు బిడ్డా" అని రాయి మీద కూర్చోబెట్టి, ముందు కొమ్మను విరిచి పారేసింది. తర్వాత సోలును గట్టిగా పట్టుకుని, ముల్లు వచ్చిన దారినే నిటారుగా లాగింది. బూటు విప్పి చేతిలోకి తీసుకుని, ఒక వేలు లోపలా ఒక వేలు బయటా పెట్టి నొక్కి చూసింది.

"ఇదేం అడుగు బిడ్డా! లోపల వేలు పెడితే బయటికి తెలుస్తోంది."

అలా తెలియడమే దీని గొప్ప అవ్వా అని చెప్పే స్థితిలో నేను లేను. ఆమె తన చెప్పు తీసి చూపించింది. మోటు చెప్పు, అడుగున టైరు ముక్క కుట్టి ఉంది. ఆ టైరులోనే విరిగిన ముళ్ల మొదళ్లు నాలుగైదు నల్లగా మెరుస్తున్నాయి. ఒక్కటీ లోపలికి రాలేదు.

"నా మేకలకు గిట్టలున్నాయి. నాకు టైరు ఉంది. నీకేముంది?"

మెడలో గొలుసుకు తగిలించుకున్న పిన్నీసు తీసి, అరికాలి వంపులో కాసేపు కెలికి, తల అడ్డంగా ఊపింది. కొస లోపలే విరిగిందట. జిల్లేడు పాలు పోస్తే అదే పైకి తేలుతుందని, లేకపోతే ఆనె కట్టి ఏడిపిస్తుందని చెప్పింది. సరేనన్నాను కానీ పోయలేదు. ఊళ్లోకి వచ్చి ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్ వేయించుకున్నాను. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. కొన్నాళ్లకు అవ్వ చెప్పినట్టే అక్కడ గట్టిపడి, అడుగు వేస్తే సూది దిగినట్టు ఉండేది. రెండో డాక్టరు చెబితే తెలిసింది: గాజు, ఇనుము ఎక్స్‌రేలో పడతాయి కానీ కర్ర పడదు, అల్ట్రాసౌండులో చూడాలి. చూశారు. చిన్న కోత పెట్టి తీశారు. గోటి కొసంత కూడా లేదు. దాని కోసం ఒక చలికాలమంతా, అంటే పరుగుకు మన దగ్గర ఉన్న ఒకే ఒక్క మంచి కాలమంతా, ఇంట్లో కూర్చున్నాను.

దీనికి కంపెనీని ఏమనడానికీ లేదు. పలుచని సోలు అని చెప్పే అమ్మారు. కానీ గుట్టల దారులకు అనువైనది అని డబ్బా మీద రాసినవాళ్లు ఏ దేశపు గుట్టలను చూసి రాశారో అడగాలని ఉంది. పైన్ ఆకులు పరిచిన దారి వేరు, తుమ్మ కంప పరిచిన దారి వేరు.

మళ్లీ మొదలుపెట్టాక వీటిని బండలకే పరిమితం చేశాను. పద్మాక్షి గుట్ట, ఖిలా వరంగల్‌లో ఏకశిల. ముళ్ల దారులకు పాత మందపాటి జత. ఈలోగా వానలో తడిసి ఒక అంచు ఊడితే, హనుమకొండ చౌరస్తా దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకు ఇచ్చాను. ఆయన సోలును అటూ ఇటూ వంచి చూసి పెదవి విరిచాడు.

"మొత్తం అరిగిపోయింది మేడం. పైన ఇంకో సోలు వేస్తే కొన్నాళ్లు వస్తుంది."

"అరగలేదండీ, కొన్నప్పుడే అంత."

"కొత్తదే ఇలా ఇచ్చారా? మరి మీరు వాపసు ఇవ్వలేదా?"

అంచు అంటించి ఇచ్చాడు, శుభ్రంగా నిలబడింది. ముల్లు కథ చెబితే, లోపలి అట్ట కింద పలుచని తోలు ముక్క ఒకటి కోసి పెట్టాడు. నిజం చెప్పాలంటే అది మంచి ఉపాయమే, తోలు గట్టిది. కానీ వేసుకుని బండ ఎక్కితే పొర అదురు తెలియలేదు, గరుకు తెలియలేదు. మామూలు బూటు అయిపోయింది. తీసి డబ్బాలో దాచాను. ఆ పెద్దాయనకు మాత్రం చెప్పలేదు.

బండ మీద బంగారం అన్నాను కదా, అది కార్తీకం నుంచి శివరాత్రి దాకా, అదీ పొద్దున పూట. ఏప్రిల్, మే నెలల్లో ఎండ ఎక్కితే బండ సెగ సోలు దాటి అరికాలికి తగులుతుంది, దిగేసరికి అడుగు మంటలెత్తుతుంది. వానాకాలంలో నీళ్లు జారే చోట బండకు నల్లటి పాచి పడుతుంది, ఈ సోలుకు గాట్లు లేవు కాబట్టి దాని మీద నిలవదు. ఒకసారి సగం దూరం కూర్చునే దిగాను, చూసినవాళ్లు మొక్కుబడి అనుకున్నారేమో. మొరం దారి ఇంకో తంటా. గ్రానైటు చివికి ఏర్పడిన ఆ మొనదేలిన గులక వేళ్ల మొదట్లో దిగినప్పుడు పరుగు కాస్తా నడక అయిపోతుంది. రేగొండ దగ్గరి పాండవుల గుట్టలది ఇసుకరాయి. అక్కడ పట్టు అద్భుతం, గ్రానైటు కంటే బాగుంటుంది. అయితే సోలు అరుగుదల కూడా అక్కడే ఎక్కువ కనిపించింది.

కొనమంటారా అని నన్ను అడిగేవాళ్లకు నా సంగతి ముందు చెప్పాలి. నలభై దాటిన వయసు, తేలికపాటి ఒళ్లు, పల్లెటూరి బడికి ఉత్త కాళ్లతో నడిచిన చిన్నతనం, ఇంటి నుంచి గుట్ట నడిచి వెళ్లేంత దూరం, పోటీల్లో పాల్గొనే ఆలోచన లేదు. ఇన్ని కలిసొచ్చాయి కాబట్టి నాకు ఈ జత ఇష్టం. మోకాలి నొప్పి తగ్గిన మాట నిజం. ఆ రోజుల్లోనే పరుగెత్తే దూరం కూడా తగ్గించాను, కాబట్టి ఆ పేరు బూట్లకు ఇవ్వలేను. షుగరు వల్ల అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం వీటి వైపు చూడకపోవడమే మేలు. వాళ్ల కాలిలో ముల్లు విరిగినా తెలియదు. పత్తి చేల గట్ల వెంట, చెరువు కంపల మధ్య పరుగెత్తేవాళ్లు కూడా ఆ డబ్బుతో మందపాటి సోలు జత కొనుక్కోవచ్చు. నేను మళ్లీ కొంటానా అంటే, ఈ జత చిరిగే నాటికి నేను హనుమకొండలోనే ఉంటే కొంటాను. బదిలీ అయి బండ లేని ఊరికి పోతే కొనను.

సైజు గురించి ఒక మాట. ముందు వేళ్ల దగ్గర వెడల్పు ఎక్కువ కాబట్టి మొదటిసారి వేసుకుంటే వదులనిపిస్తుంది, దాన్ని చూసి చిన్న సైజు తీసుకోవద్దు. దిగుడులో వేళ్లు విచ్చుకోవడానికి ఆ చోటంతా కావాలి. మేజోళ్లు వేసుకోవాలనుకుంటే పలుచనివే తీసుకోండి.