బీఫార్మసీ సీజీపీఏ: నాలుగేళ్లు సంపాదించి, నాలుగేళ్లు వాడాక

2017లో బీఫార్మసీలో చేరి 2021లో బయటపడ్డాను. చేతికొచ్చిన సీజీపీఏ పదికి 6.92, శాతంలో చూస్తే 62. మధ్యలో మెడిసినల్ కెమిస్ట్రీ ఒకటి తన్నింది, సప్లిమెంటరీలో గట్టెక్కాను. అప్పటినుంచి హైదరాబాద్ శివార్లలో ట్యాబ్లెట్లు తయారుచేసే ఒక కంపెనీలో, క్యూసీ ల్యాబ్‌లో, అంటే మందుల నాణ్యత పరీక్షించే చోట పని. కాలేజీలో ఆ అంకె కోసం ఎంత ఏడ్చానో, తర్వాత అది నాకు ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ అడ్డం తిరిగిందో చెప్తాను. స్టార్లు ఇమ్మంటే ఐదుకి రెండున్నర ఇస్తాను. ఆ అర కూడా మా అమ్మ వల్లే, అది తర్వాత చెప్తా.

ముందు ఉద్యోగం సంగతి. వాకిన్ ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు గేటు దగ్గర హెచ్‌ఆర్ అమ్మాయి ఫారం మీద రెండే చూసింది. అరవై శాతం ఉందా, బ్యాక్‌లాగ్స్ క్లియర్ అయ్యాయా. రెండు టిక్కులు పెట్టి లోపలికి పంపింది. లోపల కూర్చున్న ఇద్దరూ నా మార్కుల మెమో తిరగెయ్యనేలేదు. డిజల్యూషన్‌లో, అంటే ట్యాబ్లెట్ ఎంత కరుగుతుందో చూసే పరీక్షలో, ప్యాడిల్ ఎప్పుడు, బాస్కెట్ ఎప్పుడు, క్రొమటోగ్రామ్‌లో పీక్‌కి తోకొస్తే ముందు ఏం చూస్తావ్, ఇవే. మా బ్యాచ్ టాపర్‌కి తొమ్మిది పైన సీజీపీఏ, ఇద్దరం ఒకే రోజు సెలెక్టయ్యాం. నాకు నెలకి పదిహేను వేలు, తనకీ పదిహేను వేలే. ఆ సాయంత్రం బస్టాప్‌లో తన మొహం చూస్తే నాకు సంతోషపడాలో జాలిపడాలో తెలీలేదు.

ఇన్‌స్ట్రుమెంటల్ మెథడ్స్‌లో నాది డి గ్రేడు, అంటే యాభైకి అరవైకి మధ్య. ఇప్పుడు రోజుకి ఎనిమిది గంటలు, మందులో ఏది ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషిన్ ముందే ఉంటాను. నవ్వుకోండి.

అసలు ఈ గ్రేడులో ఏముంటుందో కాస్త విప్పి చూడాలి. ఫార్మసీ కౌన్సిల్ సిలబస్‌లో థియరీ పేపరుకి వంద మార్కులు, అందులో ఇంటర్నల్స్ పాతిక. ఆ పాతికలో నాలుగు కేవలం హాజరుకే, తొంభై ఐదు శాతం దాటితే నాలుగూ వస్తాయి. ప్రాక్టికల్స్‌కి ఇంటర్నల్ పదిహేను, అందులో రికార్డు, వైవాకి కలిపి మూడు. ఆ మూడు మార్కుల గురించే నాకు ఎక్కువ చెప్పాలని ఉంది.

మొదటి సెమిస్టర్‌లో సోడియం హైడ్రాక్సైడ్ స్టాండర్డైజేషన్. పిపెట్‌తో పది మిల్లీలీటర్ల ఆక్సాలిక్ యాసిడ్ కోనికల్ ఫ్లాస్క్‌లోకి, బ్యూరెట్‌లో సోడియం హైడ్రాక్సైడ్, రెండు చుక్కల ఫినాఫ్తలీన్. గులాబీ రంగు నిలిచేసరికి నా బ్యూరెట్ 10.9 చూపించింది. రెండోసారీ 10.9. పక్క బెంచీ వాళ్లకీ అటూ ఇటూగా అదే. అయినా సీనియర్ల రికార్డులో 10.0 ఉంది కాబట్టి అందరం 10.0, 10.0, 10.0 అని రాసి సంతకానికి ఇచ్చాం. మూడు మార్కులూ పడ్డాయి. ఒక్క అమ్మాయి మాత్రం 10.9 రాసింది. తనకి రికార్డు వెనక్కొచ్చింది, మళ్లీ రాయమని.

తర్వాత నాలుగేళ్లూ మేం నేర్చుకున్న అసలు విద్య అదే. జవాబు ముందు, రీడింగు తర్వాత. నా సీజీపీఏలో కనీసం కొన్ని పాయింట్లు అలా వెనక నుంచి ముందుకి కట్టినవే. మిగతావాళ్లదీ అంతే, అనుమానం అక్కర్లేదు.

కంపెనీలో చేరాక మొదటి వారం ట్రైనింగ్ మొత్తం ఆ విద్యని మరిపించడానికే. తూకం వేసే బ్యాలెన్స్ ప్రింటవుట్ ఏం చూపిస్తే అదే రాయాలి, పని చేస్తున్నప్పుడే రాయాలి, తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం, తేదీ, కారణం పెట్టాలి. వైట్‌నర్ ల్యాబ్‌లోకి తేవడానికే వీల్లేదు. చీటీ మీద రాసుకుని తర్వాత ఎక్కించినా తప్పే. కాలేజీలో మూడుకి మూడు తెచ్చిపెట్టిన పని ఇక్కడ చేస్తే ఆ రోజే ఇంటికి పంపిస్తారు.

నాలుగో నెలలో ఒక డిజల్యూషన్ చేశాను. క్యూ విలువ, అంటే చెప్పిన సమయంలో కరగాల్సిన మందు శాతం, 80. అంటే మొదటి విడతలో ఆరు ట్యాబ్లెట్లూ 85కి తగ్గకూడదు. ఐదు బాగానే ఉన్నాయి, ఆరోది 83. చెయ్యి వణికింది. నిజం చెప్తున్నా, ఆ క్షణంలో నా బుర్ర 86 అనే అంకెని తయారుచేసి పెట్టేసింది, పాత అలవాటు. వెనక నుంచి మా సీనియర్ చూసి, "ఏంటమ్మా టెన్షన్? 83 రాసెయ్, ఎస్‌2కి వెళ్దాం" అన్నారు. ఎస్‌2 అంటే రెండో విడత. ఇంకో ఆరు వేశాం. పన్నెండింటి సగటు 80కి తగ్గకూడదు, ఏ ఒక్కటీ 65 కంటే కింద ఉండకూడదు. హాయిగా పాసైంది. ఎస్‌1, ఎస్‌2, ఎస్‌3 పట్టిక ఐదు మార్కుల ప్రశ్నకి బట్టీపట్టి రాసినదాన్నే నేను. 83 వస్తే కొంప మునగదని ఆ పట్టిక చెప్తోందని మాత్రం అప్పటిదాకా తట్టలేదు.

పై చదువులకి వేరే లెక్క. ఎంఫార్మసీ కోసం రాసే జీప్యాట్ పరీక్షలో 125 ప్రశ్నలు, 500 మార్కులు, తప్పు జవాబుకి ఒక మార్కు కోత. మీ సీజీపీఏని అది అడగదు. మా టాపర్‌కి మొదటిసారి రాలేదు, వెనక బెంచీలో నాతో పాటు నిద్రపోయిన అబ్బాయికి వచ్చింది. ఎంఫార్మసీలో నెలకి 12,400 స్టైపెండ్ తీసుకున్నాడు. కేంద్ర ప్రభుత్వ ఫార్మసీ సంస్థ నైపర్‌కి మాత్రం జీప్యాట్ ఉన్నా జనరల్ వాళ్లకి 6.75 సీజీపీఏ గీత ఉంది. నేను ఆ గీతకి పైన పదిహేడు పైసల దూరంలో ఉన్నాను. ఇంకో పేపర్ తన్ని ఉంటే బాలానగర్‌లో ఉన్న నైపర్ క్యాంపస్ బయట నుంచి చూడ్డమే. అమెరికాకో యూకేకో ఎమ్మెస్‌కి వెళ్లినవాళ్లు చెప్పేది, అక్కడ సీజీపీఏతో పాటు బ్యాక్‌లాగ్స్ ఎన్ని అనీ అడుగుతారని. డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి రాతపరీక్షే. మెడికల్ షాపు పెట్టుకుంటే గోడకి తగిలించే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీద మార్కులే ఉండవు.

ఇక మా అమ్మ సంగతి. మాది నరసరావుపేట వైపు. జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌వో) ఆఫీసు నుంచి కాంట్రాక్టు ఫార్మసిస్టు నోటిఫికేషన్ పడితే చాలు, అమ్మ వాట్సాప్‌లో పంపుతుంది, ఊరికి దగ్గర్లో ఉండొచ్చు కదా అని. నేను చూసినవాటిలో పరీక్ష లేదు. వందలో 75 మార్కులు మన చదువులో అన్ని సంవత్సరాల మార్కుల శాతాన్ని బట్టే. పాసయ్యాక గడిచిన ఏడాదికొకటి చొప్పున పది దాకా, మిగతా పదిహేను ఇప్పటికే ప్రభుత్వంలో కాంట్రాక్టు మీద చేసినవాళ్లకి. నా 62 శాతానికి 46.5 వస్తాయి. మా టాపర్ 84 శాతానికి 63. పదహారున్నర తేడా. పదేళ్లు ఆగి ఆ పది మార్కులూ తెచ్చుకున్నా తనని అందుకోలేను, పైగా ఆ ఏళ్లు తనకీ గడుస్తాయి. రెండో ఏడాదిలో సినిమాలకి పోయిన సాయంత్రాలన్నీ ఆ మెరిట్ లిస్టులో నా పేరు పైన నిలబడి ఉంటాయి. ఇక్కడ గ్రేడు పూర్తిగా పనిచేస్తుంది. స్టార్లలో ఆ అర ఇందుకే.

పోయిన నెల మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. తనూ బీఫార్మసీ, మొదటి సంవత్సరం. "అక్కా, టైట్రేషన్‌లో 10.7 వచ్చింది. అందరూ 10 రాసేశారు. నేనూ రాసెయ్యనా? మూడు మార్కులు పోతాయి."

సోడియం హైడ్రాక్సైడ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటుంది, బలం తగ్గుతుంది, అందుకని పది కంటే ఎక్కువ పోయాల్సి వస్తుంది. అది ఎంత తగ్గిందో తేల్చడానికే ఆ ప్రయోగం. ఈ మాట నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది. చెల్లికి చెప్పాను, 10.7నే రాసి, కారణం కూడా వైవాలో చెప్పమని.

"అయినా ఆ సీసా మూత ఎన్నాళ్లుగా తీసి ఉందే?" అని అడిగాను.

ఫోన్లో కిసుక్కుమంది. "మూతే లేదక్కా."