గూగుల్ మ్యాపా, జస్ట్‌డయలా, ఇన్‌స్టానా, సొంత వెబ్‌సైటా: వీధిలో షాపుకి ఏది మేలు?

మా పిన్నికి గుంటూరు బ్రాడీపేటలో మగ్గం వర్క్ షాపు ఉంది. మా బావకి విజయవాడ ఆటోనగర్‌లో మోటార్ రివైండింగ్ షాపు. ఒకే నెలలో ఇద్దరూ ఫోన్ చేశారు. అడిగింది కూడా ఒకటే: "అందరూ ఆన్‌లైన్‌లో పెట్టమంటున్నారురా, దేంట్లో పెట్టాలి? ఎంతవుతుంది?" ఇద్దరికీ నేను ఒకే సలహా చెప్పాను. ముందు గూగుల్ మ్యాప్‌లో పెట్టండి, తర్వాత ఇన్‌స్టాగ్రామ్‌లో రోజూ ఒక రీల్ వేయండి అని. పిన్నికి అది పనికొచ్చింది. బావ మాత్రం రెండు నెలల పాటు పని ఆపుకుని మరీ రీల్స్ తీశాడు. వాటి వల్ల ఒక్క మోటార్ కూడా రాలేదు.

తప్పు నాదే. మోటార్ కాలిపోయి ట్యాంకులో నీళ్లు అయిపోయినవాళ్లు రీల్స్ చూడరు, ఫోన్ నంబర్ వెతుకుతారు. కూతురి పెళ్లికి బ్లౌజులు కుట్టించుకునే తల్లి నెల ముందు నుంచీ డిజైన్లు చూసుకుంటుంది. అప్పట్నుంచి ఎవరు సలహా అడిగినా ముందు నేనే ఒకటి అడుగుతున్నాను. మీ కస్టమర్‌కి మీతో పని ఎలా పడుతుంది? హఠాత్తుగానా, తీరిగ్గానా? ఏది మేలో చాలావరకు అక్కడే తేలిపోతుంది.

గూగుల్ మ్యాప్

అవసరం ఎలా పడినా, వీధిలో షాపు ఉన్న ప్రతివాళ్లూ మొదట చేయాల్సింది ఇదే. ఇందులో నాకు అనుమానం లేదు. 2021 వరకు దీన్ని గూగుల్ మై బిజినెస్ అనేవాళ్లు, ఇప్పుడు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అంటున్నారు. పైసా ఖర్చు లేదు. దగ్గర్లోని షాపుల్ని చూపించేటప్పుడు ముఖ్యంగా మూడు సంగతులు చూస్తామని గూగులే చెబుతుంది: వెతికినదానికి షాపు ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది. ప్రకటనల సంగతి వేరు. మామూలు లిస్టులో మాత్రం డబ్బు కట్టి పైకి వెళ్లే దారి లేదు. చిన్న షాపుకి ఇది పెద్ద వరం. పెద్ద షోరూమ్ దగ్గర లేనిది, మీ దగ్గర ఉన్నది ఆ పక్క వీధి దూరమే.

షాపు మీదేనని నిరూపించడానికి ఇప్పుడు ఎక్కువగా వీడియో అడుగుతున్నారు. ఎడిటింగ్ లేకుండా ఒకే బిగిన తీయాలి, కనీసం 30 సెకన్లు ఉండాలి. వీధి కనిపించాలి, బోర్డు కనిపించాలి, షాపు మీ చేతిలో ఉన్నట్టు తెలియాలి. పిన్ని షాపు దగ్గర ఫోన్ నేనే పట్టుకున్నాను. మొదటిసారి సాయంత్రం తీశాం. బోర్డు చీకట్లో కలిసిపోయి చదవడానికి రాలేదు, దాంతో మళ్లీ తీయాల్సి వచ్చింది. మర్నాడు పొద్దున పదింటికి సందు మొదట్నుంచి నడుచుకుంటూ వచ్చాను. పక్కనున్న మెడికల్ షాపు, మా బోర్డు, తాళం తీసి షట్టర్ పైకెత్తుతున్న పిన్ని చేతులు. లోపల మగ్గానికి బిగించిన పట్టుగుడ్డ, దాని మీద సగం కుట్టిన నెమలి, గిన్నెల్లో పూసలు, జర్దోసీ. చివర్లో గోడకున్న ట్రేడ్ లైసెన్స్. అంతే, సరిపోయింది.

ఆ తర్వాత చేసిన పొరపాటు చెబుతాను, మీరు చేయకండి. కేటగిరీ దగ్గర తొందరపడి బట్టల షాపు అని పెట్టాం. వారం రోజులు వచ్చిన ఫోన్లన్నీ "చీరలు ఎంత నుంచి ఉన్నాయండీ?", "పిల్లల ఫ్రాకులు ఉన్నాయా?" అనే. ఎంబ్రాయిడరీ షాపు అని మార్చి, రెండో కేటగిరీగా టైలర్ చేర్చాక గానీ అసలు కస్టమర్లు ఫోన్ చేయలేదు. జనం ఇంగ్లీషు అక్షరాల్లో "మగ్గం వర్క్ నియర్ మీ" అని కొడతారు. అందుకని వివరాల్లో మగ్గం, ఆరి, బ్లౌజ్, పెళ్లి అనే మాటలు మామూలు వాక్యాల్లోనే రాశాం. షాపు పేరులో మాత్రం అవేవీ ఇరికించలేదు. బోర్డు మీద ఏ పేరుందో ప్రొఫైల్‌లో అదే ఉండాలనేది గూగుల్ నియమం. పేరు పక్కన "బెస్ట్ ఇన్ గుంటూరు" అని తగిలిస్తే ప్రొఫైల్ సస్పెండ్ అయ్యే ప్రమాదం ఉంది.

బావ దగ్గర వచ్చిన చిక్కు పిన్‌తో, అంటే మ్యాప్‌లో షాపు ఉన్న చోటు చూపించే గుర్తుతో. మేం పెట్టిన పిన్ ఒక రోడ్డు అవతల పడింది. ఆటోనగర్‌లో రోడ్లన్నీ ఒకేలా ఉంటాయి కదా, మోటార్ వేసుకొచ్చిన ట్రాలీ ఆటో డ్రైవర్ అవతలి రోడ్డులో నిలబడి ఫోన్ చేసేవాడు. కొందరు అసలు ఫోనే చేయకుండా అక్కడున్న వేరే షాపులో మోటార్ దించేసేవాళ్లు. షట్టర్ ముందు నిలబడి, శాటిలైట్ వ్యూలో రేకుల కప్పు చూసుకుని, పిన్‌ని సరిగ్గా దాని మీదికి జరిపాం. రెండు నిమిషాల పని. ఫొటోలు కూడా మార్చాం. ప్రారంభోత్సవం నాటి పూలదండల ఫొటోలు తీసేసి, నల్లగా మాడిపోయిన కాయిల్, పక్కనే కొత్త రాగితీగ చుట్టిన స్టేటర్ పెట్టాం. చూసినవాళ్లకి పని తెలుస్తుంది.

రివ్యూలు కూడా ఇక్కడే. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తామనడం నిబంధనలకు విరుద్ధం. మామూలుగా అడగొచ్చు, అడగాలి కూడా. పిన్ని బ్లౌజ్ చేతికిచ్చేటప్పుడు, కస్టమర్ ముఖంలో సంతోషం కనిపిస్తే, కౌంటర్ మీదున్న క్యూఆర్ కోడ్ చూపిస్తుంది. "సూపర్" అని రాసిన పది రివ్యూల కంటే "శుక్రవారం ఇచ్చాం, ఆదివారం పెళ్లికి అందించారు" అన్న ఒక్కటి ఎక్కువ పనిచేస్తుందని పిన్ని నాతో అంది. నిజమే, ఫోన్ చేసినవాళ్లు ఆ మాటే ఎత్తుతున్నారు.

ఇంకొక్కటి చెప్పాలి, ఇది నాకు చాలా బాధ కలిగించిన విషయం. బావకి అంతకుముందే ఎవరో కుర్రాడు మూడు వేలు తీసుకుని ప్రొఫైల్ చేసిపెట్టాడు, తన సొంత మెయిల్‌తో. ఆ తర్వాత నంబర్ మార్చేశాడు. షాపు బావది, బోర్డు బావది, మ్యాప్‌లో యజమాని మాత్రం ఇంకెవరో. యాజమాన్యం ఇవ్వమని గూగుల్‌లోనే రిక్వెస్ట్ పెట్టి, అటునుంచి జవాబు రాకపోయాక మళ్లీ వెరిఫికేషన్ చేసి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఎవరితో చేయించుకున్నా సరే, మెయిల్ మీదై ఉండాలి, వాళ్లని మేనేజర్‌గా మాత్రమే చేర్చాలి. అలాగే "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, డబ్బు కట్టకపోతే మీ షాపు మ్యాప్‌లోంచి పోతుంది" అని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మకండి. మ్యాప్‌లో ఉండటానికి ఫీజు లేదు. ఫోన్‌కి వచ్చిన కోడ్ ఎవరికీ చెప్పకండి.

జస్ట్‌డయల్

స్మార్ట్‌ఫోన్లు రాకముందే, 1996లో, ఫోన్ చేసి అడిగితే షాపుల నంబర్లు చెప్పే సంస్థగా మొదలైంది. 2021లో రిలయన్స్ రిటైల్ మెజారిటీ వాటా కొన్నది. ఇందులో పేరు ఉచితంగానే పెట్టుకోవచ్చు, డబ్బు కడితే పైన కనిపిస్తారు. ఇక్కడ తెలుసుకోవాల్సిన కిటుకు ఏంటంటే, ఒక కస్టమర్ అడిగిన ఎంక్వయిరీ సాధారణంగా ఒక్కరికే రాదు, అదే పని చేసే మరికొందరికీ వెళుతుంది. ముందు ఎవరు ఫోన్ చేస్తే పని వాళ్లది. కాబట్టి ఏసీ రిపేరు, ప్యాకర్స్ అండ్ మూవర్స్, పెస్ట్ కంట్రోల్, క్యాటరింగ్ లాంటి పనుల్లో ఉండి, రోజంతా ఫోన్ దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టగలిగితే డబ్బు పెట్టొచ్చు. వైండింగ్ మధ్యలో చేతులకి వార్నిష్ ఉన్న మనిషికి అది కుదరదు.

అందుకే బావ ఉచిత లిస్టింగ్ ఉంచుకున్నాడు, డబ్బు కట్టలేదు. ఏ సంస్థకైనా సరే, కట్టే ముందు ఒక నెల ఉచితంగా ఉండి, వచ్చిన ప్రతి కాల్‌నీ నోటు పుస్తకంలో రాసుకోవాలి: ఎక్కడ చూశారు, పని అయిందా, ఎంతొచ్చింది. ఒప్పందం ఎన్ని నెలలకో, బ్యాంకు నుంచి నెలనెలా ఆటోమేటిక్‌గా కట్ అవుతుందో లేదో సంతకానికి ముందే చదువుకోవాలి.

ఇన్‌స్టాగ్రామ్

చూస్తే నచ్చే పని అయితేనే ఇది. మగ్గం, మెహందీ, కేకులు, బ్రైడల్ మేకప్, పూల డెకరేషన్. పిన్ని రీల్స్‌లో ఎక్కువ మంది చూసింది పాటలు పెట్టినవి కాదు, సూది గుడ్డలోకి దిగి పూసని లాక్కుపోవడం దగ్గర్నుంచి తీసిన పన్నెండు సెకన్ల వీడియో. అది చూసి డల్లాస్ నుంచి ఒకావిడ మెసేజ్ పెట్టింది. గుంటూరులో ఉన్న వాళ్లమ్మ ఆది జాకెట్టు తెచ్చి ఇచ్చింది, నాలుగు బ్లౌజులు కొరియర్‌లో వెళ్లాయి.

అయితే చూసినవాళ్లంతా కస్టమర్లు కారు. రీల్‌ని ఆదిలాబాద్‌లో చూస్తారు, బెంగళూరులో చూస్తారు. గుంటూరులో చూసినవాళ్లు ఎందరన్నదే లెక్క. అందుకే ప్రతి పోస్టులో ఊరు, పేట రాయాలి, లొకేషన్ పెట్టాలి. ధర కూడా రాయాలి. "ప్రైస్ డీఎమ్" (ధర కోసం మెసేజ్ పెట్టండి) అని పెడితే సగం మంది అక్కడే వెళ్లిపోతారు. పిన్ని ఇప్పుడు "ఈ చేతి వర్క్ రూ. 2,500 నుంచి" అని రాసేస్తోంది. బేరం చేసేవాళ్లు తగ్గారు, వచ్చేవాళ్లు నిర్ణయించుకునే వస్తున్నారు.

వాట్సాప్ బిజినెస్

దీన్ని మిగతావాటితో పోటీ పెట్టకూడదు. కొత్తవాళ్లు మిమ్మల్ని వెతికి పట్టుకునే చోటు కాదిది, ఒకసారి వచ్చినవాళ్లని మళ్లీ రప్పించుకునే చోటు. 2018లో వచ్చింది, ఉచితం. కేటలాగ్‌లో ఫొటో, ధర పెట్టుకోవచ్చు. షాపు కట్టేశాక మెసేజ్ వస్తే దానంతట అదే జవాబు వెళ్లేలా చేయొచ్చు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది వరకు పెట్టొచ్చు గానీ, మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. కాబట్టి బిల్లు ఇచ్చేటప్పుడే నంబర్ సేవ్ చేసుకోమని చెప్పాలి. మా వీధిలో కర్రీ పాయింట్ నడిపే అక్క పదకొండింటికల్లా స్టేటస్ పెడుతుంది: గుత్తి వంకాయ, దోసకాయ పప్పు, చికెన్ ఫ్రై. పన్నెండున్నరకి గుత్తి వంకాయ ఉండదు. ఆవిడకి మ్యాప్‌లో టైమింగ్స్, వాట్సాప్‌లో స్టేటస్, ఈ రెండూ చాలు.

సొంత వెబ్‌సైట్

పది వేలు, ఇరవై వేలు పెట్టి ముందు వెబ్‌సైట్ చేయించుకునేవాళ్లని చూస్తే నాకు మనసు ఊరుకోదు. ఊరి కస్టమర్ దాని దాకా రానే రాడు, మ్యాప్‌లోనే నంబర్ చూసి ఫోన్ చేస్తాడు. వెబ్‌సైట్ పేరు (డొమైన్) కొనడానికి ఖర్చు తక్కువే, కానీ ఏటా రెన్యువల్ ఉంటుంది, ధరలు మారితే దిద్దే మనిషి కావాలి. డాక్టర్లకి, కోచింగ్ సెంటర్లకి, ఇంటీరియర్స్ చేసేవాళ్లకి, అంటే కస్టమర్ నాలుగు విషయాలు చదివి, పోల్చుకుని గానీ రాని పనులకి అది కావాలి. పిన్నికి అమెరికా ఆర్డర్లు పెరిగితే అప్పుడు ఆలోచిద్దాం అన్నాను. తయారీదారులు, హోల్‌సేల్ వాళ్లు ఇండియామార్ట్ అనే టోకు వ్యాపారాల సైట్ చూసుకోవచ్చు, వీధి షాపుకి దానితో పని తక్కువ.

పిన్ని ఆన్‌లైన్ కోసమని పక్కన పెట్టుకున్న పది వేలల్లో చివరికి ఖర్చయింది నాలుగు వేల లోపే: ఒక ఫోన్ స్టాండు, రెండు లైట్లు, బోర్డుకి కొత్త బల్బులు. ఆషాఢంలో పని తక్కువ కాబట్టి అప్పుడే రీల్స్ తీసి పెట్టుకుంటోంది, శ్రావణం ముహూర్తాలకి వేయడానికి. బావ ఇన్‌స్టా పూర్తిగా మానేశాడు. పొద్దున ఏడింటికల్లా షాపులో ఉంటున్నాడు. అపార్ట్‌మెంట్లలో నీళ్లు రాలేదని తెలిసేది ఆ టైముకే కదా. మ్యాప్‌లో తెరిచే వేళ కూడా ఏడు అని మార్చాడు. మధ్యాహ్నం భోజనానికి ముందు చేతులు కడుక్కుని, మిస్డ్ కాల్స్ అన్నిటికీ ఒకటొకటిగా తిరిగి ఫోన్ చేస్తున్నాడు.