ఫ్రెంచి క్లాసులో మీ పక్కన ఎవరుంటే మేలు?

ఇంగ్లీషు మీడియంలో మాస్టర్స్ చేయడానికి ఫ్రాన్స్ వెళ్లేవాళ్లంతా మొదటి సెమిస్టర్లో అడిగే ప్రశ్న ఇది. యూనివర్సిటీ భాషాకేంద్రంలో నానాదేశాల వాళ్లతో కలిసి నేర్చుకోవాలా, ఒక ఫ్రెంచి విద్యార్థితో 'తాందెమ్' (నీ భాష నాకు, నా భాష నీకు అని నేర్పుకునే జోడీ) పెట్టుకోవాలా, లేక మనవాళ్లమే నలుగురం చేరి చదువుకోవాలా?

నా లెక్కలో తేల్చేది ఒక్కటే: మాట గుర్తురానప్పుడు ఏం జరుగుతుంది? డబ్బా మూత కోసే పరికరాన్ని ఫ్రెంచిలో 'ఉవ్ర్-బ్వాత్' అంటారు. ఆ పదం నోటికి రాలేదనుకోండి. మనవాళ్లయితే తెలుగులో అనేస్తారు, కథ అక్కడితో ముగుస్తుంది. ఫ్రెంచి విద్యార్థి పదాన్ని ఠక్కున అందిస్తాడు, లేదా జాలిపడి ఇంగ్లీషులోకి దిగుతాడు. పక్కనున్నది ఇంగ్లీషు పెద్దగా రాని బ్రెజిల్ అమ్మాయో, వియత్నాం అబ్బాయో అయితే దారే లేదు: 'లె త్ర్యుక్ పూర్ ఉవ్రీర్ లే బ్వాత్', అంటే 'డబ్బాలు తెరిచే ఆ వస్తువు' అని చుట్టు తిరిగి చెప్పాల్సిందే. ఆ చుట్టు తిరగడమే భాష. అందుకే నా ఓటు మిశ్రమ క్లాసుకే, కనీసం బి1 (యూరప్ భాషా స్థాయిల్లో మధ్యస్థం) వరకు.

అయితే క్లాసంతా ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లే అయితే ఈ లాభం సున్నా. పాఠం ఫ్రెంచిలో సాగినా విరామంలో కాఫీ మెషీను దగ్గర ఇంగ్లీషే వినిపిస్తుంది. స్థాయి పరీక్ష రాశాక ఏ గ్రూపు కావాలో అడిగే వీలుంటే, ఒకే భాషవాళ్లు సగానికి మించని గ్రూపు తీసుకోండి. స్పానిష్, ఇటాలియన్ వాళ్లు చదవడంలో ముందు పరుగెడతారు. వాళ్ల భాషల్లోనూ నామవాచకానికి స్త్రీ, పురుష లింగాలున్నాయి కాబట్టి వాళ్లకది కొత్త కాదు. వాళ్ల వేగం చూసి బెదరకండి. ప్రతి నామవాచకాన్నీ దాని లింగం చూపే 'లె', 'లా' లేక 'అన్', 'యున్'తో కలిపే రాసుకోండి.

మిశ్రమ క్లాసు అసలు బలహీనత వేరు: తప్పులు అంటుకుంటాయి. 'వెళ్లాను' అనడానికి 'జ స్వి అలే' అనాలి. అందరూ 'జే అలే' అంటారు, అందరికీ అర్థమవుతుంది, ఎవరూ దిద్దరు. ఉచ్చారణా అంతే. 'దెస్యు' అంటే పైన, 'దెసూ' అంటే కింద. 'దెస్యు' చివరి అచ్చు తెలుగులోనూ లేదు, స్పానిష్‌లోనూ లేదు. నాలుకను 'ఈ' స్థానంలోనే ఉంచి పెదవులను 'ఊ'కు గుండ్రంగా చుట్టాలి. పెదవులతో పాటు నాలుక వెనక్కి జారితే చెడిపోయినట్టే. ఫోన్‌లో రికార్డు చేసి టీచరుకు వినిపించండి.

ఇంకోటి. క్లాసులో అందరూ 'త్యు', అంటే నువ్వు. ఆరు నెలలు అలా అలవాటయ్యాక ప్రెఫెక్త్యూర్ (నివాస పర్మిట్లు ఇచ్చే ప్రభుత్వ కార్యాలయం) కౌంటర్ ముందు 'త్యు ప్యో' (నువ్వు చేయగలవు) అని నోరు జారుతుంది. అక్కడ అనాల్సింది 'వు పువే' (మీరు చేయగలరు). నువ్వు, మీరు తేడా తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు, కానీ క్రియారూపం నాలుకకు ఎక్కదు. వారానికి పది నిమిషాలు ఒకరు గుమాస్తాగా, ఒకరు అర్జీదారుగా కేవలం 'వు'తో మాట్లాడుకుంటే సరిపోతుంది.

తాందెమ్ బి1 దాటాక బంగారమే. 'జ న్ సే పా' (నాకు తెలియదు) నిజజీవితంలో 'షేపా'గా కుంచించుకుపోతుందని తోటి విద్యార్థులెవరూ నేర్పరు. కానీ ఎదుటివాళ్లకు కావలసింది మీ ఇంగ్లీషు, కాబట్టి అలారం పెట్టి అరగంట అది, అరగంట ఇది అని ఖచ్చితంగా పంచుకోండి. లేకపోతే గంటలో యాభై నిమిషాలు ఇంగ్లీషుకే పోతాయి.

మనవాళ్ల గుంపు క్రియల పట్టికలు ఒకరికొకరు అప్పజెప్పుకోవడానికి చాలు. యాప్‌లు బస్సులో కూర్చున్నప్పుడు చూసుకోవచ్చు.

డెల్ఫ్ (ఫ్రెంచి భాషా ధ్రువపత్ర పరీక్ష) బి2 రాయాలనుకునేవాళ్లకు ఒక మాట: నాలుగు భాగాలు, ఒక్కోటి 25 మార్కులు, పాసుకు 50, ఏ భాగంలోనూ 5కు తగ్గకూడదు. మౌఖికంలో 30 నిమిషాల తయారీ తర్వాత మీ అభిప్రాయం చెప్పి, పరీక్షకులతో వాదించి నిలబెట్టుకోవాలి. నాలుగు దేశాలవాళ్లు కూర్చున్న బల్ల దగ్గర వాదన కోసం వెతుక్కోనక్కర్లేదు, ఇంటి అద్దెల మాటెత్తితే చాలు.