మల్లి బీపీకి కారణం దొరికిన తీరు: ఇంటి బీపీ యంత్రంతో రెండేళ్ల అనుభవం

రెండేళ్లకు పైగా మా మల్లికి ఇంట్లోనే బీపీ చూస్తున్నాం. విజయవాడలో మా వీధిలోనే పుట్టి, కూనగా ఉన్నప్పుడే మా ఇంటికి చేరిన ఆడకుక్క మల్లి. ఇప్పుడు పదేళ్లు, పదిహేడు కిలోల బరువు. మేం వాడుతున్నది జంతువుల కోసమే తయారు చేసిన యంత్రం. కాలికి పట్టీ చుట్టి మీట నొక్కితే అదే గాలి నింపుకుని, వదులుతూ అంకె చూపిస్తుంది. కుక్కలున్న స్నేహితులు ఈ యంత్రం కొనవచ్చా అని తరచూ అడుగుతున్నారు. కొనవచ్చు. అయితే మల్లి బీపీకి కారణాన్ని పట్టి ఇచ్చింది మూత్రపరీక్ష. అందుకే రెండింటి గురించీ కలిపి రాస్తున్నాను.

మనుషుల్లో చాలామందికి బీపీ ఫలానా జబ్బు వల్ల వచ్చిందని చెప్పలేం. కుక్కల సంగతి వేరు. వాటికి బీపీ పెరిగిందంటే చాలావరకు లోపల మరో జబ్బు ఉన్నట్టే. కిడ్నీ జబ్బు, ఒంట్లో కార్టిసాల్ హార్మోను ఎక్కువై వచ్చే కుషింగ్స్, మధుమేహం, కిడ్నీల పక్కనుండే అడ్రినల్ గ్రంథిలో కణితి, ఇవి ముఖ్యమైనవి. బీపీ మాత్ర వేసి ఊరుకుంటే అంకె తగ్గవచ్చు గానీ అసలు జబ్బు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

మల్లి విషయంలో మొదట కనిపించింది కన్ను. ఎడమ కంటి నల్లగుడ్డు ముందు, అడుగున సన్నని ఎర్రటి గీతలా రక్తం నిలిచింది. దెబ్బ తగిలిన గుర్తేమీ లేదు. డాక్టరు గారు చుక్కలు వేసి, కంటి లోపల లైటుతో చూసి, కంటి వెనక పొర రెటీనా మీద కూడా రక్తపు మరకలున్నాయని చెప్పారు. వెంటనే ముందుకాలి మీద కొద్దిగా వెంట్రుకలు గొరిగి, జెల్ రాసి, రక్తం పారే చప్పుడు వినిపించే డాప్లర్ యంత్రంతో బీపీ చూశారు. నాడి చప్పుడు స్పీకరులో సర్రుసర్రుమని వినిపిస్తుంటే పట్టీలో గాలి నింపి, చప్పుడు ఆగి మళ్లీ మొదలయ్యే చోట అంకె రాసుకున్నారు. మొదటి అంకెను పక్కన పెట్టి, ఆ తర్వాత వరుసగా వచ్చిన వాటికి సగటు కట్టారు. 190 దాటింది.

2018లో అమెరికా పశువైద్య నిపుణుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కుక్కకు పై అంకె 140 లోపు ఉంటే భయం లేదు. 140 నుంచి 159 వరకు కనిపెట్టి ఉండాలి. 160 నుంచి 179 వరకు ఉంటే అది బీపీ జబ్బు, 180 గానీ అంతకు మించి గానీ ఉంటే తీవ్రమైన జబ్బు. ఆసుపత్రి భయానికి కూడా అంకె పెరుగుతుంది కాబట్టి మామూలుగా మరో రోజు రమ్మంటారు. ఇక్కడ కన్ను దెబ్బతిన్నది కళ్ల ముందే కనిపిస్తోంది. అందుకని ఆ రోజే బీపీ తగ్గించే ఆమ్లోడిపిన్ మాత్ర మొదలుపెట్టి, కారణం కోసం వెతకడం కూడా అప్పుడే ప్రారంభించారు.

ఆ వెతికిన పద్ధతి నాకు ఎంతో నచ్చింది. మొదటి ప్రశ్న మందుల గురించి. దురదకు స్టెరాయిడ్ మాత్రలు గానీ, చెవి చుక్కలు గానీ వాడుతున్నామా? పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన ఆడకుక్క కాబట్టి, మూత్రం కారిపోకుండా ఇచ్చే ఫినైల్‌ప్రొపనాలమైన్ వాడామా? ఈ మందులే బీపీని పెంచవచ్చట. మేం అలాంటివేమీ వాడలేదు. రెండో ప్రశ్న దాహం, ఆకలి, పొట్ట గురించి. నీళ్లు విపరీతంగా తాగడం, ఎప్పుడూ ఆకలి అనడం, పొట్ట జారడం, ఒంటి మీద వెంట్రుకలు పలచబడటం కుషింగ్స్ గుర్తులు. మల్లికి ఇవేవీ లేవు, కుషింగ్స్‌లో సాధారణంగా పెరిగే కాలేయపు ఎంజైములు కూడా మామూలుగానే ఉన్నాయి. మూడోది, పిడుదుల కాటుతో వచ్చే టిక్ ఫీవర్ ఎప్పుడైనా వచ్చిందా అని. వచ్చింది. మూడేళ్ల వయసులో చెవుల నిండా పిడుదులు పట్టి, జ్వరంతో అన్నం మానేస్తే చికిత్స చేయించాం.

టిక్ ఫీవర్ తెచ్చే ఎర్లీకియా అనే బ్యాక్టీరియా వల్ల ప్లేట్‌లెట్లు పడిపోయి కూడా కంట్లో రక్తం దిగవచ్చు. అందువల్ల ముందు ప్లేట్‌లెట్లు చూశారు. సరిపడా ఉన్నాయి. దాంతో కంటి రక్తానికి బీపీయే కారణమన్న నమ్మకం బలపడింది. కిడ్నీలు వడగట్టి బయటికి పంపే వ్యర్థం క్రియాటినిన్ కూడా రక్తంలో హద్దులోనే ఉంది. చాలామంది ఇక్కడే కిడ్నీలు బాగున్నాయని నిశ్చింతగా ఉండిపోతారు. కిడ్నీల పని చాలావరకు దెబ్బతిన్న తర్వాతే క్రియాటినిన్ పైకి కదులుతుంది. రక్తంలోని ప్రొటీన్ అల్బుమిన్ కొద్దిగా తక్కువగా ఉండటం గమనించి, డాక్టరు గారు యూపీసీ రాశారు. మూత్రంలో ప్రొటీన్ ఎంత పోతోందో క్రియాటినిన్‌తో పోల్చి చెప్పే పరీక్ష ఇది. 0.2 కంటే తక్కువ ఉండాలి, 0.5 దాటితే తేడా ఉన్నట్టు. మల్లికి 4 దాటింది. అంత ఉందంటే కిడ్నీలోని వడపోత గుచ్ఛాలే చెడ్డాయని అర్థం. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఈ అంకె తప్పుదారి పట్టిస్తుంది కాబట్టి మూత్రంలో క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ పరీక్ష కూడా చేయించి, ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకున్నారు. స్కానింగులో అడ్రినల్ గ్రంథులు మామూలు పరిమాణంలో ఉన్నాయి.

ఎర్లీకియా పరీక్ష పాజిటివ్ వచ్చింది. అది ఒకప్పుడు తగిలిందని చెప్పగలదే తప్ప ఇప్పుడు ఒంట్లో ఉందని కచ్చితంగా చెప్పలేదు. కిడ్నీ ముక్క తీసి చూస్తే ఇంకా స్పష్టత వస్తుంది గానీ, బీపీ అదుపులో లేనప్పుడు ఆ పని చేస్తే రక్తస్రావం ప్రమాదం. ఏళ్ల తరబడి ఒంట్లో నక్కిన ఎర్లీకియా కిడ్నీ వడపోతను దెబ్బతీయడం మన ప్రాంతపు కుక్కల్లో ఉన్నదే కాబట్టి, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజులు ఇచ్చారు. కారణం తెలియడం వల్ల బీపీ చికిత్స కూడా మారింది. ఆమ్లోడిపిన్ ఒక్కటే ఇస్తే కుక్కల్లో కిడ్నీ వడపోత మీద ఒత్తిడి పెరిగి ప్రొటీన్ ఇంకా పోయే అవకాశం ఉందట. అందుకే ప్రొటీన్ పోవడాన్ని కూడా తగ్గించే టెల్మిసార్టన్ అనే మరో బీపీ మందు జోడించారు. ఆ మందు మొదలైన రెండు వారాల లోపు క్రియాటినిన్, పొటాషియం తప్పక చూడాలన్నారు, చూపించాం. తిండి కిడ్నీ జబ్బున్న కుక్కల ఆహారానికి మారింది, చేపనూనె చేరింది.

ఇక యంత్రం. మల్లి ఆసుపత్రి బల్ల ఎక్కగానే వణుకుతుంది, ఆ వణుకులో వచ్చే అంకెను బట్టి మందు మార్చడం కష్టం. అందుకే ఇంట్లో కొలవడానికి ఇది కొన్నాం. మనుషుల యంత్రం పనికిరాదు. పట్టీ వెడల్పు, అది చుట్టే చోట కాలి చుట్టుకొలతలో 30 నుంచి 40 శాతం ఉండాలి. ఇరుకైతే అంకె ఎక్కువ చూపుతుంది, వెడల్పైతే తక్కువ. మల్లిని పక్కకు పడుకోబెట్టి, ముందుకాలికి మోచేతికి, మణికట్టుకు మధ్యన చుడతాం. అప్పుడు పట్టీ గుండె ఎత్తులోనే ఉంటుంది. నిలబడి ఉంటే తోక మొదట్లో చుట్టడం మేలు. ఏ చోట మొదలుపెట్టామో ఎప్పుడూ అక్కడే కొలవాలి, లేకపోతే పాత అంకెలతో పోల్చలేం. ముందు అయిదు పది నిమిషాలు ఊరికే పక్కన కూర్చుంటాం. మా ఆవిడ చెవి వెనక నిమురుతుంటే నేను మీట నొక్కుతాను.

నచ్చినవి చెప్పాలంటే, చప్పుడు తక్కువ, పాత అంకెలు దాచుకుంటుంది, నాడి వేగం కూడా చూపిస్తుంది. నచ్చనివీ ఉన్నాయి. కాలు కాస్త కదిలినా ఎర్రర్ చూపిస్తుంది. విజయవాడ ఎండాకాలంలో రొప్పుతున్న కుక్కకు సరైన అంకె రానే రాదు, తెల్లవారుజామున కొలవాల్సిందే. దీపావళి వారంలో పెట్టె తెరవనే తెరవం. ఏడాది తిరిగేసరికి వెల్క్రో పట్టు సడలింది, కొత్త పట్టీ కొనాల్సి వచ్చింది. ఒత్తిడి బాగా ఎక్కువున్నప్పుడు ఈ రకం యంత్రాలు కొంత తక్కువ చూపుతాయి. అందుకే మా యంత్రాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లి, డాప్లర్ పక్కన పెట్టి పోల్చి చూసుకుంటాం. మాది కొంత తక్కువే చూపుతుంది. ఆ సంగతి డాక్టరు గారు చీటీ మీద రాసి ఉంచారు.

మూత్రం పట్టడం కూడా నేర్చుకోవాల్సిన పనే. ఆడకుక్క కూర్చుంటే నేలకు బెత్తెడు ఎత్తు కూడా ఉండదు. పొడుగు కాడ ఉన్న స్టీలు గరిటెను వెనక నుంచి మెల్లగా జరపాలి, ముందు నుంచి పెడితే లేచిపోతుంది. మొదటి ధార వదిలేసి తర్వాతది పట్టి, శుభ్రమైన సీసాలో పోసి, ఫ్రిజ్‌లో పెట్టి, అదే రోజు ల్యాబుకు ఇస్తాం. యూపీసీ రోజురోజుకూ మారుతుంటుంది. అందుకని మూడు రోజుల మూత్రాన్ని సమానంగా కలిపి ఒకే పరీక్ష చేయించమన్నారు. అలా చేయించినప్పటి నుంచి అంకెల్లో గందరగోళం తగ్గింది.

ఇప్పుడు మల్లి బీపీ 150కి అటూ ఇటూగా ఉంటోంది, యూపీసీ 1కి దిగింది. కంట్లో రక్తం కరిగిపోయింది, ఎడమ కంటి చూపు మాత్రం మసకే. ఆమ్లోడిపిన్ వల్ల చిగుళ్లు కొద్దిగా ఉబ్బాయి, దాని మీదా కన్నేసి ఉంచాం. పిడుదుల మందు ఏ నెలా తప్పడం లేదు.

కొనాలనుకునేవారికి ఒక మాట. మీ కుక్కకు ఏడెనిమిదేళ్లు దాటి ఉంటే, ఒకప్పుడు టిక్ ఫీవర్ వచ్చి ఉంటే, ముందు యూపీసీ చేయించి, ఆసుపత్రిలో ఒకసారి బీపీ చూపించండి. అక్కడ ఎక్కువ వస్తేనో, మీ కుక్క కూడా మల్లిలా బల్ల మీద వణికితేనో ఈ యంత్రం డబ్బుకు తగిన విలువ ఇస్తుంది. ఆర్డరు పెట్టే ముందు దర్జీ టేపుతో ముందుకాలి చుట్టుకొలత తీసుకోండి. మా యంత్రంతో వచ్చిన మూడు పట్టీల్లో మల్లికి సరిపోయింది ఒక్కటే, అది అరిగిపోయాక దొరకడానికి చాలా వారాలు పట్టింది. ఆ సైజుది అదనంగా ఒకటి మొదటే తెప్పించుకోండి.