పదహారు దాటిన మైనర్ ఘోర నేరం చేస్తే: బోర్డు మేలా, పెద్దల విచారణ మేలా?

మైనర్ల చేతుల్లో ఒక హత్యో, సామూహిక అత్యాచారమో జరిగి నగరం అట్టుడికిన ప్రతిసారీ పాఠకులు అడిగే ప్రశ్న ఒకటే. "పదిహేడేళ్లవాడికి మూడేళ్లేనా? పెద్దవాళ్లలాగే ఎందుకు విచారించరు?"

విచారించవచ్చు. 2016 జనవరి 15 నుంచి ఆ వీలు మన చట్టంలోనే ఉంది. 2012 డిసెంబరు ఢిల్లీ సామూహిక అత్యాచారం (నిర్భయ) కేసులో మైనర్‌కు మూడేళ్లే పడ్డాయి. అతను 2015 డిసెంబరులో బయటికొచ్చాడు. దేశం భగ్గుమంది. ఆ రెండు రోజులకే రాజ్యసభ కొత్త బాలల న్యాయ బిల్లును ఆమోదించింది. కాబట్టి ఇప్పుడు తేల్చుకోవాల్సింది రెండు దారుల్లో ఏది ఎప్పుడు పనిచేస్తుందన్న సంగతే.

ముందు కాస్త లెక్క చూద్దాం. జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ ప్రకారం 2022లో దేశం మొత్తమ్మీద మైనర్లు నిందితులుగా నమోదైన కేసులు 30,555. ఆ ఏడాది దేశంలో అన్ని కేసులూ కలిపి 58 లక్షల పైచిలుకు. వందకు ఒకటి కూడా కాదు, అర. టీవీ చర్చల్లో వినిపించే ఉప్పెన ఈ అంకెల్లో కనిపించదు. నిజంగా హింసాత్మకమైన కొద్ది కేసులను ఎలా నడపాలన్నదే అసలు తగవు.

దారులు చీలేది ఎక్కడ

పట్టుబడిన మైనర్‌ను లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటల్లోగా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ కావాలి. ప్రొబేషన్ అధికారి రెండు వారాల్లో ఆ పిల్లవాడి ఇల్లు, బడి, స్నేహాలు, అలవాట్ల మీద నివేదిక ఇవ్వాలి. పదహారు నిండకపోతే నేరం ఎంత పెద్దదైనా కేసు బోర్డు దగ్గరే ముగుస్తుంది. పదహారు నుంచి పద్దెనిమిది లోపు వయసుండి, ఆరోపణ 'ఘోర నేరం' అయితే బోర్డు మూడు నెలల్లో ప్రాథమిక అంచనా వేయాలి. కేసును తన దగ్గరే ఉంచుకుంటే బోర్డు వేయగల గరిష్ఠ కాలం స్పెషల్ హోంలో, అంటే తప్పు తేలిన మైనర్లను ఉంచే సంస్కరణ గృహంలో, మూడేళ్లు. పైకి పంపితే చిల్డ్రన్స్ కోర్టుకు వెళుతుంది. అంటే మైనర్ల కోసం నోటిఫై చేసిన కోర్టో, పిల్లలపై లైంగిక నేరాల చట్టం (పోక్సో) కింద ఏర్పడిన ప్రత్యేక కోర్టో, అవి లేనిచోట సెషన్స్ కోర్టో. అక్కడ పెద్దలకు పడే శిక్షే పడవచ్చు. ఉరి మాత్రం వేయకూడదు, విడుదలకు వీల్లేని యావజ్జీవమూ వేయకూడదు.

'ఘోర నేరం' అంటే చూడగానే ఒళ్లు జలదరించే నేరమని జనం అనుకుంటారు. చట్టానికి అది ఒక అంకె: కనీస శిక్ష ఏడేళ్లు, ఆపైన ఉన్న నేరం. 2020 జనవరిలో శిల్పా మిత్తల్ కేసులో సుప్రీంకోర్టు ఈ గీతను గట్టిగా గీసింది. గరిష్ఠ శిక్ష ఎంత పెద్దదైనా, కనీస శిక్ష ఏడేళ్లు లేకపోతే అది ఘోర నేరం కాదు, 'తీవ్ర నేరం' మాత్రమే. 2021 సవరణ దాన్నే చట్టంలో చేర్చింది. దీని ఫలితం వింతగా ఉంటుంది. దోపిడీలో కత్తి వాడి ఫోను లాక్కుంటే ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 311వ సెక్షన్ కింద కనీసం ఏడేళ్లు, కాబట్టి ఘోర నేరం. అదే కత్తితో కడుపులో పొడిచి, బాధితుడు బతికి బయటపడితే అది 109వ సెక్షన్ కింద హత్యాయత్నం. దానికి అలాంటి కనీస శిక్ష లేదు, కాబట్టి తీవ్ర నేరమే. పొడిచినవాడిని పెద్దవాడిగా విచారించే వీలు లేదు, బెదిరించినవాడి విషయంలో ఉంది. "పెద్దల విచారణ కావాలి" అని రోడ్డెక్కేవాళ్లు ముందు ఎఫ్ఐఆర్‌లో ఏ సెక్షన్ ఉందో చూడాలి. చాలాసార్లు చర్చ అక్కడే తేలిపోతుంది.

అంచనా ఎక్కడ తప్పుతుంది

పెద్దల విచారణ దారికి తలుపు ఆ ప్రాథమిక అంచనాయే. బోర్డు చూడాల్సినవి: ఆ నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం ఉందా, పర్యవసానాలు అర్థం చేసుకోగలడా, ఏ పరిస్థితుల్లో చేశాడంటున్నారు. నేరం చేశాడా లేదా అన్నది ఇక్కడ తేల్చకూడదు. రాతలో బాగానే ఉంది. చేతల్లోకి వచ్చేసరికి మూడు లోపాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

మొదటిది, ఐక్యూ పరీక్షను సామర్థ్యానికి కొలతగా వాడటం. ఐక్యూ తెలివిని చెబుతుంది. నలుగురు స్నేహితులు రెచ్చగొడుతుంటే ఆగగల నిగ్రహాన్ని చెప్పదు. రెండోది, "చంపడం తప్పని తెలుసా?" అని అడిగి "తెలుసు" అనే జవాబును పర్యవసానాల అవగాహన కింద రాసుకోవడం. ఆరేళ్ల పిల్ల కూడా ఆ జవాబే చెబుతుంది. మూడోది, కాలం. నేరం జరిగిన రెండు మూడు నెలల తర్వాత, విచారణ ముగిసేదాకా ఉంచే అబ్జర్వేషన్ హోంలో బెదిరిపోయి ఉన్న పిల్లవాడితో ఒక్క పూట మాట్లాడి, నేరం నాటి అతని మనసును ఊహించాలి. ఇవన్నీ తెలిసే సుప్రీంకోర్టు 2022 జూలై 13న గురుగ్రామ్ పాఠశాల హత్య కేసులో, బోర్డు సభ్యుల్లో పిల్లల మనస్తత్వ శాస్త్రం చదివినవారు లేనప్పుడు నిపుణుల సాయం తీసుకోవడం తప్పనిసరి అని చెప్పింది. పర్యవసానాలంటే వెంటనే జరిగేది మాత్రమే కాదనీ, బాధితుల కుటుంబానికీ తనకూ దూరకాలంలో ఏమవుతుందో తెలియడం కూడా అందులో భాగమేననీ వివరించింది. 2023 ఏప్రిల్‌లో జాతీయ బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. అయినా చాలా నివేదికలు రెండు పేజీలు దాటవు.

పైగా చిల్డ్రన్స్ కోర్టు బోర్డు మాటను అలాగే తీసుకోకూడదు. పెద్దవాడిగా విచారించాల్సిన అవసరం ఉందా అని తానూ మళ్లీ తేల్చాలి. ఈ మెట్టు దాటేస్తే, ఏళ్ల తర్వాత పైకోర్టులో కేసు మొత్తం వెనక్కి వస్తుంది. శిక్ష పడాలని గట్టిగా కోరుకునేవాళ్లకు నష్టం చేసేదీ ఈ లోపమే.

నా లెక్కలో నిర్ణయించేది 21వ ఏడు

రెండు పక్షాలూ వాదనలో దాదాపు ఎత్తని సంగతి ఒకటుంది. పెద్దవాడిగా విచారించి శిక్ష వేసినా, 21 నిండేదాకా ఆ మైనర్‌ను జైలుకు పంపరు. 'ప్లేస్ ఆఫ్ సేఫ్టీ' అనే ప్రత్యేక స్థలంలో ఉంచాలి. చదువు, వృత్తి శిక్షణ, కౌన్సెలింగ్, మానసిక వైద్యం ఇవ్వాలి. ఏటా నివేదిక కోర్టుకు పంపాలి. 21 నిండాక కోర్టు అతను మారాడా లేదా చూసి, పర్యవేక్షణ మీద వదలడమో, మిగతా శిక్షకు జైలుకు పంపడమో చేస్తుంది. ఇటు బోర్డు దారిలో పదిహేడున్నరేళ్లవాడికి మూడేళ్లు వేస్తే అతను ఇరవైన్నర దాకా లోపలే ఉంటాడు. పద్దెనిమిది దాటాక అతన్ని ఉంచేదీ ప్లేస్ ఆఫ్ సేఫ్టీలోనే. అంటే ఈ వయసువాళ్లలో దాదాపు 21 దాకా ఇద్దరి బతుకూ ఒకే రకం గోడల మధ్య. అసలు తేడా ఆ తర్వాతే మొదలవుతుంది.

విచారణ సాగతీత ఈ లెక్కను చెడగొడుతుంది. గురుగ్రామ్ కేసునే చూడండి. నేరం జరిగింది 2017 సెప్టెంబరులో. నిందితుడు అప్పుడు పదకొండో తరగతి విద్యార్థి. పెద్దవాడిగా విచారించాలా వద్దా అన్న ఒక్క ప్రశ్న మీద సుప్రీంకోర్టు తీర్పు 2022లో వచ్చింది. సాక్షుల విచారణ కాదు, శిక్ష కాదు, తలుపు దగ్గర తగువే అయిదేళ్లు. అప్పటికి అలాంటి నిందితుడికి 21 వచ్చేస్తుంది. సంస్కరణకు చట్టం ఉంచిన ఏళ్లన్నీ 'విచారణలో ఉన్నాడు' అన్న మాట కింద కరిగిపోతాయి. చివరికి శిక్ష పడితే నేరుగా పెద్దల జైలు. బోర్డు దారిలోనూ వాయిదాలు ఉంటాయి గానీ గడువు నాలుగు నెలలు, మరో రెండు నెలలు పొడిగింపు, ఆపైన కారణాలు రాసి చీఫ్ మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. మధ్యలో అంత పెద్ద తలుపు తగువు ఉండదు.

ఎలాగూ ఏదో ఒక రోజు బయటికి వస్తాడు. చట్టమే ఆ మాట ఇచ్చింది. అందుకే రెండు దారులనూ తూచాల్సింది విడుదలయ్యే రోజు అతను ఎలా ఉంటాడన్న రాయితోనే. దీని మీద పెద్ద ప్రయోగం అమెరికాలో జరిగింది. 1990ల్లో అక్కడి రాష్ట్రాలు పోటీపడి మైనర్లను పెద్దల కోర్టులకు పంపాయి. ఆ అధ్యయనాలన్నీ పరిశీలించిన నిపుణుల బృందం అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ద్వారా 2007లో ఇచ్చిన నివేదిక, ఆ విధానం హింసను తగ్గించకపోగా పెంచుతోందని తేల్చి, వద్దని సిఫార్సు చేసింది. అయితే అక్కడ చాలామంది నేరుగా పెద్దల జైళ్లకు వెళ్లారు, మన దగ్గర 21 దాకా ఆ అడ్డు ఉంది. కాబట్టి ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు మనకు అతికించకూడదు. కానీ 21 తర్వాత వాళ్ల పరిస్థితే మనదీ.

అందుకే నా మొగ్గు బోర్డు వైపు. పెద్దల విచారణ ఉండాలి, చాలా ఇరుకుగా ఉండాలి: పదిహేడు దాటినవాడు, ముందే పథకం వేసుకున్న హింస, ఇదివరకు బోర్డు ఇచ్చిన అవకాశం వృథా చేసిన చరిత్ర. మూడూ ఉన్నప్పుడే.

బోర్డు దారిని వెనకేసుకొస్తున్నానని దాని బలహీనత దాచను. హత్యకు మూడేళ్లంటే పోయినవారి కుటుంబానికి అది న్యాయంలా అనిపించదు, అనిపించాలని వాళ్లను అడగడం కూడా తప్పే. పైగా మైనర్‌ను, పెద్ద నిందితులను కలిపి విచారించకూడదు కాబట్టి, ఒకే నేరంలో ఇద్దరూ ఉంటే సాక్షులు రెండుచోట్ల చెప్పుకోవాలి. రెండు వాంగ్మూలాల్లో చిన్న తేడా వచ్చినా ఎదుటి లాయరు పట్టుకుంటాడు. ఇక హోంల సంగతి. ఫోను దొంగను, హత్య నిందితుణ్ని ఒకే హాలులో పడుకోబెడితే మూడేళ్లలో దొంగ నేర్చుకుని వెళతాడు. వయసు, నేర తీవ్రత చూసి వేరుచేయాలని చట్టం చెబుతుంది. ఒక్కో పిల్లవాడికీ ఫారం 7లో విడి ప్రణాళిక ఉండాలి. అన్నింటిలో ఒకే వాక్యాలు కనిపించాయంటే ఆ హోంలో ఏ పనీ జరగడం లేదని అర్థం. గంజాయి, వైట్‌నర్ అలవాటున్నవాడికి మొదటి నెలలోనే డీఅడిక్షన్ మొదలుకాకపోతే తర్వాతి కౌన్సెలింగ్ గాలికి పోయినట్టే.

నిజానికి జనం కోరేది ఎక్కువ కాలం. చట్టం ఇచ్చేది వేరే కోర్టు. ఈ రెంటినీ విడదీసిన దేశం జర్మనీ. అక్కడ 14 నుంచి 17 ఏళ్లవారి కేసు బాలల కోర్టు దాటదు, కానీ అతి తీవ్ర నేరానికి అదే కోర్టు పదేళ్ల దాకా వేయగలదు. బోర్డు గరిష్ఠ పరిమితిని ఘోర నేరాలకు మాత్రం అయిదారేళ్లకు పెంచితే తలుపు దగ్గర తగువులు సగం తగ్గుతాయి. మన చర్చల్లో ఈ మూడో దారి వినిపించదు, అదే విచారం.

వయసు 16కు దించితే?

ఇది కొత్త ఆలోచన కాదు. 1986 చట్టంలో అబ్బాయిలకు పరిమితి 16 ఏళ్లే. 2000 చట్టం దాన్ని 18 చేసింది. మళ్లీ దించితే మొదట చిక్కేది గ్యాంగుల్లోని కుర్రాళ్లు కారు, ప్రేమించి ఇల్లు వదిలిన పదిహేడేళ్ల అబ్బాయిలు. పోక్సోలో పద్దెనిమిది నిండని అమ్మాయి ఇష్టానికి లెక్క లేదు, కనీస శిక్ష పదేళ్లు, అంటే అదీ ఘోర నేరమే. ఇప్పుడైతే 'ఏ పరిస్థితుల్లో జరిగింది' అని చూసే బోర్డు వాళ్లను వడకడుతోంది. వయసు దించితే ఆ జల్లెడ పోతుంది. ఈ ఒక్క కారణానికే ఇది వద్దంటాను.

మిగతావి చకచకా. మైనర్లకు రాత్రి కర్ఫ్యూ: అమెరికా నగరాల అనుభవంలో నేరాలు తగ్గిన జాడ లేదు, పోలీసు గంటలు మాత్రం ఖర్చవుతాయి. పిల్లల్ని జైలుకు తీసుకెళ్లి ఖైదీలతో భయపెట్టించడం: 1970ల్లో న్యూజెర్సీలో మొదలైంది, తర్వాతి సమీక్షల్లో అలా వెళ్లొచ్చినవాళ్లే ఎక్కువ నేరాలు చేశారని తేలింది. వద్దు. తల్లిదండ్రులకు జరిమానా: కూలి చేసుకునే తల్లికి అప్పు మిగులుతుంది, అంతే.

వెనకున్న పెద్దవాళ్ల మీద కేసు మాత్రం వేరు. మైనర్ అయితే మూడేళ్లతో పోతుందని తెలిసి కత్తి వాడి చేతికిచ్చే పెద్దలున్నారు. న్యాయ సంహిత 95వ సెక్షన్ కింద అలాంటివారికి మూడు నుంచి పదేళ్లు. బాలల న్యాయ చట్టం 83వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల జరిమానా. ఈ సెక్షన్లు చార్జిషీటులో అరుదుగా కనిపిస్తాయి. పురమాయించాడని రుజువు చేయాలంటే మొదటి వారంలోనే కొన్ని సేకరించాలి: నేరానికి ముందు 48 గంటల కాల్ రికార్డులు, బండి ఎవరి పేరున ఉంది, యూపీఐలో ఎవరి నుంచి డబ్బు పడింది, లాయరును ఎవరు పెట్టారు. మైనర్ దొరకగానే దర్యాప్తు ముగిసిందనుకునే చోట ఇవేవీ తీయరు, నెల తిరిగేసరికి సీసీటీవీ ఫుటేజీ కూడా చెరిగిపోతుంది.